పాత చెక్క క్రూయిజర్ బోటు: 1,800 ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ వేడెక్కుతోంది

మాది బరంపురం. రంభ దగ్గర చిలికా సరస్సులో కట్టి ఉంచిన 28 అడుగుల పాత చెక్క క్యాబిన్ బోటు, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్. లోపల మంచినీళ్లు తిరుగుతాయి. బయటి ఉప్పునీరు హీట్ ఎక్స్‌చేంజర్‌లో వాటిని చల్లబరిచి పొగగొట్టంలోంచి పోతుంది.

1,200 ఆర్‌పీఎంలో గంటసేపు నడిపినా 80 డిగ్రీలు దాటదు. 1,800కి పెంచితే పావుగంటలో 98. అప్పుడు వెనక పడే నీళ్లు సన్నబడి ఆవిరి వస్తోంది. నల్లపొగ లేదు, ఆయిల్‌లో నీళ్లు కలవలేదు, లోపలి నీళ్లూ తగ్గడం లేదు.

చిలికా నాచు పనే అనుకుని ముందు స్ట్రైనర్ (బయటి నీళ్లను వడకట్టే జల్లెడ) కడిగాను. సముద్రపు మొగ దాకా వెళ్లి చూసినా అంతే, కాబట్టి నాచు కాదు. ఉప్పునీటి పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, కొత్తది వేశాను (పాతదానికి రెండు రెక్కలు విరిగాయి, ఒక ముక్కే దొరికింది). లోపలి నీళ్లు వేడెక్కితే తెరుచుకునే వాల్వు, థర్మోస్టాట్‌ని వేడినీళ్లలో వేస్తే బాగానే తెరుచుకుంటోంది. గేజ్ మీద అనుమానంతో వేరే థర్మామీటర్ పెట్టినా అదే లెక్క. మెకానిక్ ఇంజన్ మొత్తం విప్పుదాం అంటున్నాడు, నాకు అదే టెన్షన్.

ఆ రెండో రెక్క ముక్క హీట్ ఎక్స్‌చేంజర్ గొట్టాల్లో ఇరుక్కుందా, లేక పొగగొట్టం మలుపు ఉప్పు, మసితో పూడుకుపోయిందా? ఇంజన్ విప్పకుండా ఈ రెండింటిలో ఏదో ఎలా తేల్చుకోవాలి?