ఫోన్ బ్రౌజర్ లాప్‌టాప్‌లో గెంతుతోంది: తప్పు యాప్‌దా, వాడేవాళ్లదా?

సపోటాచెట్టు:
మా అమ్మాయి చదువుకని కొన్న క్రోమ్‌బుక్ లాప్‌టాప్ ఇప్పుడు నా చేతికొచ్చింది. ఫోన్‌లో వాడే బ్రౌజర్‌నే ప్లే స్టోర్ నుంచి ఇందులోనూ వేసుకున్నాను. బుక్‌మార్కులు, యాడ్స్ ఆపే ఎక్స్‌టెన్షన్ అన్నీ అందులోనే ఉన్నాయి మరి. దాని పేరెందుకులెండి, చెబితే చర్చంతా దాని మీదకే పోతుంది.

ట్రాక్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు ఆనించి కాస్త జరిపితే పేజీ ఒక్కసారిగా ఎక్కడికో దూకుతుంది. ఇంకోసారి జరిపితే మొండికేస్తుంది. మొన్న స్కాలర్‌షిప్ ఫారం నింపుతూ, పైన తండ్రి పేరు సరిగ్గా పడిందో లేదో చూద్దామని పైకి జరిపాను. పేజీ పైఅంచు రాగానే గుండ్రటి గుర్తు గిర్రున తిరిగి మొత్తం రీలోడ్! ఇరవై నిమిషాలు కూర్చుని రాసిందంతా గంగలో కలిసింది. అదే పేజీని స్క్రీన్ మీద వేలితో తోస్తే నూనె రాసినట్టు జారుతుంది.

యాప్ వాళ్లకి రాస్తే "మాది ఫోన్ల కోసం చేసిన యాప్" అని ఒక్క ముక్క జవాబు. మరి లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ బటన్ ఎందుకు చూపిస్తున్నట్టు?

ఉప్మాకోడర్:
కోపం తెచ్చుకోనంటే ఒకటి చెప్తా అక్కా. తప్పు మీదే. ఆ లాప్‌టాప్‌తో పాటే వచ్చిన బ్రౌజర్‌లో స్క్రోల్ బాగానే ఉంటుంది కదా. దాన్ని వదిలేసి ఫోన్ యాప్ ఎక్కించి, అది లాప్‌టాప్‌లా నడవాలంటే ఎలా? నేనూ యాప్‌లు చేసేవాడినే. మా దగ్గర టెస్టింగ్‌కి పదకొండు ఫోన్లున్నాయి, ట్రాక్‌ప్యాడ్ ఉన్నది ఒక్కటీ లేదు. నలుగురున్న టీమ్ ఎన్నని చూస్తుంది?

పాతస్క్రూడ్రైవర్:
అసలు చోటు వదిలేసి వాదించుకుంటున్నారు. ఆండ్రాయిడ్‌లో కదలిక కబురు యాప్‌కి రెండు దారుల్లో అందుతుంది. వేలు తాకితే "ఇక్కడ ఆనింది, ఇక్కడికి జరిగింది, లేచింది" అని ఒక దారి. మౌస్ చక్రం తిప్పితే "యాక్షన్ స్క్రోల్" అని ఇంకో దారి. దాంట్లో ఎంత తిరిగిందన్నదే లెక్క. ట్రాక్‌ప్యాడ్ ఈ రెండింటికీ చెందదు. తాకేవి వేళ్లే, కానీ అవి స్క్రీన్‌ని తాకడం లేదు. కాబట్టి మధ్యలో సిస్టమ్ దానికి ఏదో ఒక వేషం కట్టించి పంపాలి.

నాకు లాప్‌టాప్ తెలుసు అని యాప్ చెప్పుకోవడానికి, దాని వివరాలు రాసి ఉండే మేనిఫెస్ట్ అనే ఫైల్‌లో "హార్డ్‌వేర్ టైప్ పీసీ" అని ఒక లైను ఉంటుంది. అది లేని యాప్‌కి మీ క్రోమ్‌బుక్‌ని నడిపే క్రోమ్‌ఓఎస్ సాయం చెయ్యబోయి, ట్రాక్‌ప్యాడ్ కదలికల్ని వేలి కదలికల్లా మార్చి అందిస్తుంది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 కూడా ట్రాక్‌ప్యాడ్ స్క్రోల్‌ని లేని వేలిగానే చూపిస్తుంది. కాకపోతే "ఇది రెండువేళ్ల స్వైప్" అని పక్కన ఒక చీటీ అంటిస్తుంది. ఆ చీటీ చదవని యాప్‌కి అది వేలే.

ఇప్పుడు మీ ఫారం సంగతి. పేజీ పైఅంచులో ఉన్నప్పుడు వేలితో కిందికి లాగితే రీలోడ్ చెయ్యాలని ఫోన్ బ్రౌజర్‌కి నేర్పారు. మీరు పైన ఏముందో చూద్దామని జరిపిన రెండు వేళ్లు దానికి ఆ లాగుడులా కనబడి ఉంటాయి. మౌస్ తగిలించి, పైఅంచులో చక్రం పైకి తిప్పి చూడండి. రీలోడ్ కాలేదంటే నా అనుమానం నిజమే.

గోదారిగట్టు:
సైట్లు చేసే మేమేం తక్కువ తినలేదు. చక్రం తిరిగినా, ట్రాక్‌ప్యాడ్ మీద వేళ్లు జరిగినా బ్రౌజర్ సైటుకి ఒక కబురు పంపుతుంది, దాన్ని వీల్ ఈవెంట్ అంటాం. ఎంత జరిగిందన్నది ఏ కొలతలో చెబుతోందో తెలిపేందుకు అందులో డెల్టా మోడ్ అని ఒక అంకె వస్తుంది: 0 అంటే పిక్సెళ్లు, 1 అంటే లైన్లు, 2 అంటే పేజీలు. దాన్ని చూసేవాడు అరుదు. నేనూ అంతే. ఒక పెళ్లిపిలుపు సైటు చేశాను, ఎంత జరిగిందన్న లెక్క లేకుండా ఒక్కో ఈవెంట్‌కి ఒక్కో స్లయిడ్ జరిగేలా. నా మౌస్‌తో ముచ్చటగా ఉంది. పెళ్లికొడుకు తన లాప్‌టాప్‌లో ట్రాక్‌ప్యాడ్ మీద వేళ్లు పెట్టాడో లేదో, వినాయకుడి బొమ్మ నుంచి ముహూర్తం, కల్యాణ మండపం అన్నీ దాటేసి తిన్నగా భోజనాల దగ్గర తేలాడు! ట్రాక్‌ప్యాడ్ ఒక్క జరుపుకి చిన్నచిన్న ఈవెంట్లు డజన్ల కొద్దీ పంపుతుంది. వేలు తీశాక కూడా ఊపు ఆగేదాకా వస్తూనే ఉంటాయి.

నీలిగొడుగు:
సెట్టింగ్స్‌లో రివర్స్ స్క్రోలింగ్ మార్చి చూశారా?

పాతస్క్రూడ్రైవర్:
అది దిక్కు మారుస్తుంది, అంతే. గెంతు అటు కాకపోతే ఇటు.

సపోటాచెట్టు:
చేసి చూశాను. మౌస్ చక్రం ఎంత తిప్పినా రీలోడ్ కాలేదు. ట్రాక్‌ప్యాడ్‌తో మూడుసార్లు జరిపితే మూడుసార్లూ అయింది. గోదారిగట్టు గారూ, మీ మాట పట్టుకుని, బొమ్మల్లేని ఉత్త అక్షరాల పేజీ కూడా తెరిచి చూశాను. అక్కడా గెంతింది, కాబట్టి నా విషయంలో సైటు తప్పు లేదు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో "లాగితే రీలోడ్" ఆపేశాను. ఫారం గండం గట్టెక్కింది గానీ గెంతు మాత్రం పోలేదు.

ఉప్మాకోడర్:
సరే, వేషం సంగతి ఒప్పుకుంటా. కానీ స్క్రూడ్రైవర్ గారూ, ఒక్క లైను అని తేలిగ్గా అనేశారు. అది రాసిన మర్నాటి నుంచి రైట్ క్లిక్, విండో సాగదీయడం, కర్సర్ ఆనగానే మెనూ తెరుచుకోవడం అన్నీ మా నెత్తినే. సిస్టమ్ చేసే ఆ కాస్త సాయం కూడా పోతుంది.

పాతస్క్రూడ్రైవర్:
అంత బరువైతే లాప్‌టాప్‌లకి ఇవ్వకండి. మీరు యాప్‌ని ప్లే స్టోర్‌కి ఎక్కించే ప్లే కన్సోల్‌లో వద్దనుకున్న పరికరాలను తీసేసే వీలుంది. తీసెయ్యరు. డౌన్‌లోడ్ల లెక్కలోకి ఈవిడ కావాలి, ఫిర్యాదు రాస్తే మాత్రం "ఫోన్ల కోసం" అంటారు. నాకు నచ్చనిది అదే. చేతకాకపోవడం తప్పు కాదు, ఇన్‌స్టాల్ బటన్ దగ్గర ఆ మాట చెప్పకపోవడం తప్పు.

ఉప్మాకోడర్:
ఆ లెక్క కావలసింది మా బాస్‌కి, నాకు కాదు. రేపు మీటింగ్‌లో అడుగుతా, ఏమంటాడో తెలిసిందే.

సపోటాచెట్టు:
మీరు తేల్చుకోండి. ఫారం గడువు ఈ రాత్రితో సరి. మౌస్ పెట్టుకుని చివరి పేజీ దాకా వచ్చాను. అలవాటుకొద్దీ వేళ్లు అటు పోకుండా ట్రాక్‌ప్యాడ్ మీద రుమాలు కప్పాను.