ఇంటి పన్ను ఆస్తి విలువ మీద వేయడం న్యాయమేనా? పెరిగిన డబ్బు మన వీధికి వస్తోందా?

పాతపెంకుటిల్లు:
ఆంధ్రప్రదేశ్ మున్సిపాలిటీల్లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్న సంగతి తెలిసిందే. అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో మీ స్థలానికి, కట్టడానికి ఎంత విలువ ఉంటే దాని మీద శాతం. నివాసాలకి 0.10 నుంచి 0.50 దాకా, వ్యాపార భవనాలకి 0.20 నుంచి 2 శాతం దాకా. ఒక్కసారిగా మీద పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదని పరిమితి పెట్టారు. పేరుకే పరిమితి. 4,000 పన్ను ఏటా 15 శాతం చొప్పున పెరిగితే ఐదో ఏటికి 8,045 అవుతుంది. లెక్క వేసి చూసుకోండి.

నా అభ్యంతరాలు రెండు. మా వీధి చివర పెద్ద రోడ్డు పడి గజం రేటు ఎక్కడికో పోయింది. మేము అమ్మలేదు, అద్దెకివ్వలేదు, అందులో అమ్మానాన్న ఉంటున్నారు. కాగితం మీద పెరిగిన విలువకి నాన్న పెన్షన్‌లోంచి పన్ను కట్టాలి. ఇది ఒకటి. రెండోది, కట్టిన డబ్బు ఎక్కడా కనపడదు. ఊరి పేరు వద్దు గానీ, మా వార్డులో వానాకాలం ముందు పక్క కాలువ పూడిక తీసి గట్టు మీదే పోశారు. ఎత్తుకెళ్లేలోపు వాన పడింది, మట్టంతా మళ్లీ కాలువలోకే. ఇలాంటి పనికి ఎక్కువ పన్ను ఎందుకు కట్టాలో ఎవరైనా చెప్పండి.

లెక్కల మాస్టారు:
నేను మున్సిపల్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాను, కాబట్టి నా మొగ్గు ఎటో మీకు ముందే తెలుసు. అయినా చెప్తాను.

ఇది ఎవరో రాత్రికి రాత్రి కనిపెట్టింది కాదు. 2020 మేలో కరోనా సమయంలో కేంద్రం రాష్ట్రాలకి అదనంగా అప్పు తెచ్చుకునే వీలు ఇస్తూ కొన్ని షరతులు పెట్టింది. పట్టణాల్లో ఇంటి పన్ను కనీస రేట్లు రిజిస్ట్రేషన్ విలువలకి తగ్గట్టు ఉండాలి, నీరు, డ్రైనేజీ చార్జీలకి కూడా కనీస రేట్లు ప్రకటించాలి అన్నది అందులో ఒకటి. దాన్ని అందరికంటే ముందు పూర్తిచేసినవి ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. తర్వాత 15వ ఆర్థిక సంఘం కూడా పట్టణాలకిచ్చే గ్రాంట్లకి ఇదే మెలిక పెట్టింది. దేశం మొత్తం మీద ఇంటి పన్ను జీడీపీలో 0.2 శాతం దగ్గరే ఆగిపోయింది. ఎప్పుడూ పైనుంచి వచ్చే గ్రాంట్ల కోసం చేయి చాచే మున్సిపాలిటీని మీరు ఏ ప్రశ్న అడిగినా "నిధులు రాలేదండి" అంటుంది. ఆ మాట అనే అవకాశం లేకుండా చేయాలంటే దానికి సొంత రాబడి ఉండాలి.

పాతపెంకుటిల్లు:
అంటే రాష్ట్రం 2,525 కోట్లు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి మా పన్ను పెరిగింది. మీరే ఒప్పుకున్నారు కదా మాస్టారూ!

లెక్కల మాస్టారు:
ఆ తొందర వెనక కారణం అదే, కాదనను. అయితే పాత పద్ధతి మాత్రం బాగుందా? అద్దె విలువ అని పేరు, ఆ అద్దె ఏ కాలం నాటిదో ఎవరికీ తెలియదు. ఒకే వీధిలో పాత ఇంటికి ఒక లెక్క, కొత్త ఇంటికి ఒక లెక్క. బిల్ కలెక్టర్ ఏ జోన్‌లో రాస్తే అది.

ఉప్పల్ ఫ్లాట్:
హైదరాబాద్‌లో ఇప్పటికీ ఆ అద్దె లెక్కే. నా ఫ్లాట్ లెక్క పెడుతున్నా, చూడండి. వెయ్యి చదరపు అడుగులు. అడుగుకి నెలకు రూపాయి పావలా చొప్పున ఏడాదికి 15,000. ఇల్లు పాతికేళ్ల లోపుది కాబట్టి 10 శాతం తరుగు పోగా 13,500. వార్షిక విలువ 3,600 దాటింది కాబట్టి 30 శాతం శ్లాబు, 4,050. దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు 324. మొత్తం 4,374.

ఇందులో తమాషా ఏంటంటే, కార్పొరేషన్ దృష్టిలో నా ఫ్లాట్ అద్దె నెలకు 1,250. ఆ డబ్బుకి మా ఏరియాలో బైకు పార్కింగ్ తప్ప ఇంకేం రాదు. నాకు లాభమే, ఫిర్యాదు లేదు. కానీ ఇళ్ల రేట్లు ఎందుకు ముట్టుకోరో అందరికీ తెలుసు. 2015 డిసెంబరులో, గ్రేటర్ ఎన్నికలకి ముందు, 1,200 లోపు పన్ను కట్టేవాళ్లు 101 రూపాయలు కడితే చాలన్నారు. మళ్లీ 2020 నవంబరులో, దీపావళి రోజు, 15,000 లోపు వాళ్లకి ఆ ఏడాది సగం రాయితీ. డిసెంబరు 1న పోలింగ్. మరి ఫ్లైఓవర్లకి డబ్బు ఎక్కడిది? 2018, 2019లలో మూడు విడతలుగా 495 కోట్ల బాండ్లు అమ్మారు. మొదటి విడత 8.9 శాతం వడ్డీకి, చివరిది 10.23 శాతానికి. ఇవి కాక బ్యాంకు అప్పులు. నేను ఇవాళ కట్టని పన్నుని నా కొడుకు వడ్డీతో కడతాడు. పెంకుటిల్లు గారూ, మీకు పెరిగిందని మీ బాధ, మాకు పెరగనందుకు బిల్లు వేరే దారిలో వస్తోంది.

చీపురు చేతపట్టి:
అందరూ రోడ్లు, ఫ్లైఓవర్లు అంటున్నారు. పొద్దున్నే నాలుగింటికి మీ వీధి ఊడ్చేది ఎవరు, వాళ్ల జీతం ఎక్కడినుంచి వస్తుంది? 2023 డిసెంబరు ఆఖరులో ఆంధ్రాలో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకి దిగితే రెండు వారాల్లో ఊళ్లు ఎలా కంపు కొట్టాయో గుర్తుందా? అప్పుడు ఒక్కరూ ఇంటి పన్ను ఎక్కువైందని మాట్లాడలేదు.

అద్దెకొంప:
ఇక్కడ ఇంటి ఓనర్లే మాట్లాడుతున్నారు, ఒక మాట అద్దెకుండేవాళ్లది కూడా. పన్ను పెరిగితే మా ఓనరు అద్దె పెంచేశాడు, "ఇంటి పన్ను డబుల్ అయిందమ్మా" అని. 2,000 పెరిగితే ఏడాదికి 12,000 రాబట్టుకున్నాడు. చెత్తకి నెలకు 120 అంటే అదీ మా మీదే. ఆ చెత్త చార్జీ 2024 చివర్లో ఎత్తేసినా అద్దె మాత్రం తగ్గలేదు.

పాతపెంకుటిల్లు:
చెత్త సంగతి మంచి పాయింట్. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం పేరుతో మొదలుపెట్టారు, జనం తిట్టుకున్నారు, కొత్త ప్రభుత్వం వచ్చి తీసేసింది. తీసేశాక చెత్త బండి రావడం మానేయలేదు కదా. మరి ఆ 120 ఎందుకు వసూలు చేసినట్టు?

లెక్కల మాస్టారు:
బండి ఆగలేదు, ఎందుకంటే ఆ ఖర్చు ఇంకో పద్దులోంచి పోతోంది. అసలు సంగతి ఇక్కడే ఉంది, కాస్త ఓపిగ్గా వినండి.

మున్సిపాలిటీ బడ్జెట్‌లో రెండు పెట్టెలున్నాయి. మొదటిది రెవెన్యూ పెట్టె: ఇంటి పన్ను, ఖాళీ స్థలం పన్ను, నీటి చార్జీలు, షాపుల అద్దెలు, ప్లాన్ ఫీజులు. ఇందులోంచి జీతాలు, ఔట్‌సోర్సింగ్ కార్మికుల కూలీ, వీధి దీపాల కరెంటు బిల్లు, నీళ్ల మోటార్ల కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిలు, బ్లీచింగ్ పోతాయి. రెండోది క్యాపిటల్ పెట్టె: కేంద్ర గ్రాంట్లు, రాష్ట్ర పథకాలు, అప్పులు. కొత్త రోడ్డు, వాన నీటి కాలువ, పార్కు, కమ్యూనిటీ హాలు ఎక్కువగా ఇందులోంచి వస్తాయి.

మీరు కట్టే ఇంటి పన్నుతో చాలా ఊళ్లలో రోడ్డు పడదు. దానితో నిన్నటి చెత్త పోతుంది, రాత్రి దీపం వెలుగుతుంది, పొద్దున నీళ్లు వస్తాయి. ఇవి ఆగినప్పుడే కనపడతాయి. రోడ్డు మాత్రం శిలాఫలకంతో సహా కనపడుతుంది, దానిమీద పేరు ఎమ్మెల్యేది. అందుకే పన్ను కట్టినవాడికి తన డబ్బు ఎటు పోయిందో తెలియదు, కట్టనివాడికి రోడ్డు ఊరికే వచ్చినట్టు ఉంటుంది.

విజయవాడే చూడండి. కేంద్రం ఇచ్చిన నిధులతో మొదలైన వాన నీటి కాలువల పని ఏళ్ల తరబడి పూర్తికాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగితే ఇంటి పన్ను కట్టినా మునిగాం అన్నారు. బుడమేరు నీటిపారుదల శాఖది, కాలువల ప్రాజెక్టు కేంద్ర గ్రాంటుది. తిట్లు మాత్రం బిల్ కలెక్టర్‌కి.

జగదాంబ సెంటర్:
మాస్టారు గారి రెండు పెట్టెల లెక్కలో మూడో బొక్క కూడా చెప్పాలి. విశాఖలో రైల్వే, నేవీ చేతిలో ఎంత స్థలం ఉందో చూశారా? రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద మున్సిపాలిటీ పన్ను వేయలేదు, సర్వీసు చార్జీలు మాత్రమే అడగొచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల బకాయిలు ఇంకో కథ. మామూలు మనిషి బకాయి పడితే ఇంటి ముందుకొచ్చి కుళాయి కట్ చేస్తామంటారు, కలెక్టరేట్‌కి కుళాయి కట్ చేసినవాణ్ణి చూపించండి.

ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కూడా అంతే. ఇల్లు రిజిస్టర్ చేయించుకున్నప్పుడు స్టాంప్ డ్యూటీతో పాటు 1.5 శాతం కడతాం, అది స్థానిక సంస్థల వాటా. అది ముందు రాష్ట్రం చేతికి వెళ్లి, తర్వాత ఊరికి రావాలి. మీరు అకౌంట్స్‌లో ఉన్నారుగా, టైముకి వచ్చేదా?

లెక్కల మాస్టారు:
వచ్చేది కాదు. ఇంకా చెప్పాలంటే మున్సిపాలిటీ సొంతంగా వసూలు చేసిన డబ్బు కూడా రాష్ట్ర ఖజానా వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి వెళ్లాక బిల్లులు పాస్ కావడం గగనమైపోయింది. కాంట్రాక్టర్లు టెండర్లకే రావడం మానేశారు.

పాతపెంకుటిల్లు:
అదీ, దారికొచ్చారు. మా పన్ను మా ఊళ్లోనే ఉండాలన్న గ్యారంటీ లేకుండా పెంచడం ఎందుకు అన్నదే నా ప్రశ్న. ఉప్పల్ గారు చెప్పిన గ్రంథాలయ సెస్సే తీసుకోండి. రూపాయికి 8 పైసలు పేరుపెట్టి మరీ వసూలు చేస్తారు. అది గ్రంథాలయ సంస్థలకి పూర్తిగా అందక కోట్ల బకాయిలని ఏటా పేపర్లో చదువుతాం. పేరు రాసి ఉన్న డబ్బుకే దిక్కు లేనప్పుడు పేరు లేనిదాని సంగతేంటి?

డాలస్ నుంచి:
టెక్సస్‌లో ఉంటున్నా, ఇక్కడి సంగతి చెప్తా. గొప్పలకి కాదు, ఎందుకంటే ఇక్కడ పన్ను వింటే మీరు కుర్చీలోంచి పడతారు. రాష్ట్ర ఆదాయ పన్ను లేదు గానీ, ఇంటి విలువలో ఇంచుమించు 2 శాతం ఏటా ఇంటి పన్ను. మన 0.50 గరిష్ఠంతో పోల్చుకోండి. మా తెలుగువాళ్లు మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ అని ఇల్లు కొంటారు, ఆ స్కూలు నడిచేది ప్రధానంగా ఈ పన్ను మీదే.

తేడా రెండు చోట్ల. బిల్లులో స్కూలుకి ఎంత, సిటీకి ఎంత, కౌంటీకి ఎంత, కాలేజీకి ఎంత అని వరుసగా ఉంటుంది. వడ్డిస్తే ఎవరి ప్లేట్లోకి ఏం వెళ్లిందో తెలిసినట్టు. ఏటా వసంతంలో విలువ నోటీసు వస్తుంది, ఎక్కువ వేశారనిపిస్తే మామూలుగా మే 15లోపు ప్రొటెస్ట్ చేయొచ్చు. పక్కింటి అమ్మకం ధరల ప్రింటవుట్లు పట్టుకుని వెళ్లడం ఇక్కడ మనవాళ్లకి సంక్రాంతి ముగ్గుల పోటీ అంత సీరియస్.

పెంకుటిల్లు గారి మొదటి బాధకి కూడా ఇక్కడ ఒక దారి ఉంది. 65 దాటినవాళ్లకి సొంత నివాసం మీద స్కూల్ పన్ను పెరగకుండా ఒక మొత్తం దగ్గర ఆపేస్తారు. కావాలంటే పన్ను కట్టకుండా వాయిదా కూడా వేయొచ్చు, వడ్డీతో కలిపి ఇల్లు చేతులు మారినప్పుడు వసూలు చేసుకుంటారు. పెద్దాయన పెన్షన్ మీద చేయి పడదు, ఊరికీ డబ్బు పోదు.

అద్దెకొంప:
వాయిదా వేస్తే మా ఓనరు లాంటివాళ్లు పదేళ్లు కట్టకుండా కూర్చుని, వన్ టైమ్ సెటిల్‌మెంట్‌లో, అంటే పాత బకాయి ఒకేసారి తీర్చే పథకంలో, వడ్డీ మాఫీ చేయించుకుంటారు. హైదరాబాద్‌లో 90 శాతం వడ్డీ మాఫీ చూశాం కదా. టైముకి కట్టినవాడు పిచ్చోడు.

ఉప్పల్ ఫ్లాట్:
అద్దెకొంప గారూ, ఆ మాట నిజం. మాఫీ ప్రకటించిన ప్రతిసారీ వచ్చే ఏడాది కట్టేవాళ్లు ఇంకొందరు తగ్గుతారు.

లెక్కల మాస్టారు:
వాయిదా సొంతంగా ఉంటున్న ముసలివాళ్ల ఇళ్లకి మాత్రమే, మాఫీ లేకుండా అయితే నాకు అభ్యంతరం లేదు. ఇప్పుడు 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్న వెసులుబాటు ఉంది, అది చిన్న ఇంటికి. పెద్ద ఇల్లు, చిన్న పెన్షన్ ఉన్నవాళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆ విషయంలో పెంకుటిల్లు గారి మాట న్యాయం.

రెండో మాటకి మాత్రం ఒప్పుకోను. నమ్మకం వచ్చాక కడతాను అంటే ఆ నమ్మకం ఎప్పటికీ రాదు. మీ మున్సిపాలిటీ బడ్జెట్ పుస్తకం తెచ్చుకోండి. దొరక్కపోతే సమాచార హక్కు కింద అడగండి. అందులో మూడు వరుసలుంటాయి: గడిచిన ఏడాది వాస్తవ లెక్క, ఈ ఏడాది సవరించిన అంచనా, వచ్చే ఏడాది అంచనా. పేపర్లో వచ్చేది మూడోది, అది కోరికల చిట్టా. మీరు మొదటిది చూడండి. కాలువల పూడికకి ఎంత రాసుకున్నారు, ఎంత ఖర్చయింది, ఆ పనికి ఎం.బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఎవరు సంతకం పెట్టారు? గట్టు మీద పోసిన మట్టికి రవాణా చార్జీ కూడా రాశారేమో చూడండి. రాస్తే దొరికినట్టే.

జగదాంబ సెంటర్:
ఎం.బుక్ అడిగితే వార్డు సచివాలయం నుంచి ఫోన్ వస్తుంది, "ఏంటి సార్ ప్రాబ్లం" అని. టెన్షన్ పడకండి, అర్జీ కాపీ మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి చాలు.

పాతపెంకుటిల్లు:
రవాణా చార్జీ సంగతి నాకు తట్టలేదు. అర్జీ పెడతాను, వచ్చిన జవాబు ఇక్కడే అతికిస్తా. విలువ మీద పన్ను అన్నదానికి మాత్రం నేను ఇంకా వ్యతిరేకమే. నాన్న పన్ను ఏప్రిల్ 30లోపు కట్టేస్తున్నా, ముందే కడితే 5 శాతం రాయితీ ఉంది. మాస్టారికి ఒప్పుకున్నానని దీనర్థం కాదు.