అప్‌డేట్: పన్నెండేళ్ల బేస్‌బాల్ పిచర్‌కి (బ్యాటర్‌కి బంతి విసిరేవాడికి) మోచేయి నొప్పి

పిచ్ చేసేటప్పుడు, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేటప్పుడు, మోచేయి లోపలివైపు నొప్పి, మళ్లీ ఎప్పుడు విసరొచ్చని అడిగాను కదా. తేలింది లిటిల్ లీగ్ ఎల్బో, పదేపదే విసిరే పిల్లలకి వచ్చే మోచేతి గాయం. అక్కడి గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తటి భాగం) ఇంకా ఎముకగా గట్టిపడలేదు, విసిరిన ప్రతిసారీ కండరాన్ని ఎముకకి కలిపే టెండన్ దాన్ని గుంజుతోంది. ఎముకల్ని ఒకదానితో ఒకటి కలిపే లిగమెంట్ బాగానే ఉంది.

6 వారాలు విసరడం బంద్. క్యాచర్‌గా (పిచర్ బంతిని పట్టి తిరిగి విసిరేవాడిగా) కూడా వద్దు, అక్కడా చేతికి పని తక్కువేం కాదు. లోపలి బుడిపెని వేలితో నొక్కినా నొప్పి లేదంటేనే 45 అడుగుల దూరం నుంచి మెల్లగా, రోజు విడిచి రోజు. నొప్పొస్తే ఆ రోజుకి ఆపేసి, తర్వాత ఒక మెట్టు వెనక్కి. మాత్ర వేసి ఆడించడం మాత్రం వద్దే వద్దు, హెచ్చరికే వినపడకుండా పోతుంది.

అందరూ కర్వ్‌బాల్‌నే (వంపు తిరిగే బంతినే) తిడతారు గానీ ఇక్కడ అసలు గొడవ ఎన్నిసార్లు విసిరాడన్న లెక్కది. అమెరికా బేస్‌బాల్ సంస్థల పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 11-12 ఏళ్లకి రోజుకి 85 పిచ్‌లే. 66కి చేరితే 4 రోజులు విశ్రాంతి. రెండు టీముల్లో ఆడేవాడికి ఆ లెక్క ఇంట్లోనే రాసుకోవాలి, ఏ కోచ్ దగ్గరా పూర్తిగా ఉండదు.