సలేశ్వరం నడకలోనూ, హిమాలయాల్లోనూ దారిలో దొరికే నీటిని తాగేందుకు ఎలా సిద్ధం చేసుకోవాలి?

మియాపూర్ బాటసారి:

అందరికీ నమస్కారం. మియాపూర్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే మేము కొందరం కలిసి సెలవు రోజుల్లో కొండలెక్కుతుంటాం. ఇంతవరకు భువనగిరి కోట, అనంతగిరి వంటి దగ్గరి చోట్లకే వెళ్ళాం కనుక ఇంటి నుంచి మోసుకెళ్ళిన నీళ్ళే సరిపోయాయి. ఈసారి చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలోని సలేశ్వరం జాతరకు నడిచి వెళ్ళాలనీ, తరువాత మే నెలలో ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు వెళ్ళాలనీ అనుకుంటున్నాం. రెండో ప్రయాణంలో రోజుల తరబడి దారిలో దొరికే నీటి మీదే ఆధారపడక తప్పదు.

ఈ విషయంలో మా బృందంలో తలొక మాట వినిపిస్తోంది. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం పెట్టించినప్పటి నుంచి ఒకాయన టీడీఎస్ మీటరును జేబులో వేసుకుని తిరుగుతున్నారు. అంకె నూరు లోపు చూపిస్తే ఆ నీళ్ళు నిశ్చింతగా తాగవచ్చని ఆయన నమ్మకం. మరొకరు అమెరికా వాళ్ళ ట్రెకింగ్ వీడియోలు చూసి సీసాకు బిగించుకునే చిన్న ఫిల్టర్ కొన్నారు, అది ఉంటే ఇంకేమీ అక్కర్లేదంటున్నారు. మా పెదనాన్నగారేమో పారే నీటికి దోషం లేదనీ, తమ చిన్నతనంలో వాగులో చెలిమె తోడుకుని తాగినవాళ్ళెవరికీ ఏమీ కాలేదనీ కొట్టిపారేస్తున్నారు. కాచి చల్లార్చి తాగడమే మేలని నాకు అనిపిస్తోంది కానీ, ఎంతసేపు మరిగించాలో, ఎత్తైన చోట అది ఎంతవరకు పనిచేస్తుందో తెలియదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

ప్రయోగశాల పాతకాపు:

నేను నీటి పరీక్షల ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను కనుక, ముందుగా ఆ టీడీఎస్ మీటరు సంగతి చెబుతాను. ఆ పరికరం నీటిలోంచి విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో చూసి, కరిగివున్న లవణాలు ఎన్ని ఉన్నాయో అంచనా కడుతుంది. సూక్ష్మజీవులు దాని లెక్కలోకే రావు. అడవి వాగులో లవణాలు సహజంగానే తక్కువ కాబట్టి మీటరు చక్కని అంకె చూపిస్తుంది. ఎగువన ఒక గేదె ఆ వాగులోనే పడుకుని ఉన్నా అదే అంకె చూపిస్తుంది. బోరు నీటి రుచి తెలుసుకోవడానికి ఇంట్లో అది పనికివస్తుందేమో గానీ, నడకకు దాన్ని మోసుకెళ్ళవలసిన అవసరం లేదు.

ఇక ఫిల్టర్ విషయంలో మీ మిత్రులు చెప్పింది సగమే నిజం. సీసాకు బిగించే ఫిల్టర్లలో సన్నని బోలు దారాలు కట్టగా ఉంటాయి. ఆ దారాల గోడల్లో ఉండే రంధ్రాలు సాధారణంగా 0.1 నుంచి 0.2 మైక్రాన్ల వరకు ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా సుమారు అర మైక్రాన్ కంటే పెద్దవి, విరేచనాలు కలిగించే పరాన్నజీవుల్లో జియార్డియా తిత్తులు 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియం 4 నుంచి 6 మైక్రాన్లు ఉంటాయి కనుక ఇవన్నీ ఆ గోడ దగ్గరే ఆగిపోతాయి. కానీ హెపటైటిస్ ఎ వైరస్ పరిమాణం సుమారు 0.03 మైక్రాన్లే. అటువంటి వైరస్‌లు జల్లెడలోంచి పిండి దిగినట్టు దిగిపోతాయి. అమెరికా కొండల్లో మనుషుల మలం నీటిలో కలిసే అవకాశం తక్కువ కాబట్టి అక్కడివారు వైరస్‌లను పెద్దగా పట్టించుకోరు, వారికి ఫిల్టర్ ఒక్కటే చాలుతుంది. మన దేశంలో హెపటైటిస్ ఎ, ఇ రెండూ నీటి ద్వారా వ్యాపిస్తూనే ఉన్నాయి. అందులో హెపటైటిస్ ఇ గర్భిణులకు ప్రాణాంతకం కాగలదు. అందుచేత ఇక్కడ ఫిల్టర్ తరువాత క్లోరిన్ కూడా వాడాలని నా గట్టి అభిప్రాయం. క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు లొంగదు గానీ ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. వైరస్ ఫిల్టర్‌ను దాటిపోతుంది గానీ క్లోరిన్‌కు చస్తుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూడుస్తుంది కనుక రెండూ కలిసినప్పుడే పని పూర్తవుతుంది.

పెదనాన్నగారి మాటను నేను పూర్తిగా తీసిపారేయను. ఇసుకలో చెలిమె తవ్వినప్పుడు నీరు ఇసుక పొరల గుండా ఊరి వస్తుంది కాబట్టి, పక్కన పారే వాగు నీటికంటే అది నిజంగానే శుభ్రంగా ఉంటుంది. అయితే ఎవరికీ ఏమీ కాలేదన్న సాక్ష్యం నిలవదు. జియార్డియా లక్షణాలు బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు, హెపటైటిస్ ఎ బయటపడడానికి రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. నెల తరువాత కామెర్లు వస్తే వాగును ఎవరూ తలచుకోరు, ఆ పాపమంతా కోఠీలో తిన్న పానీపూరీ ఖాతాలో పడుతుంది.

నల్లమల దారి:

సలేశ్వరం గురించి నేను చెబుతాను. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉంది కనుక అడవిలో నిప్పు రాజేయడానికి వీల్లేదు. అందులోనూ జాతర జరిగేది ఆకులన్నీ ఎండి రాలి ఉండే కాలంలో. అంచేత మీరన్న కాచి చల్లార్చడం అక్కడ కుదరదు. ఒక్కరోజు నడకే కాబట్టి మనిషికి నాలుగు లీటర్లు వెంట తీసుకెళ్ళడం అన్నిటికంటే తేలిక. ఎండలో లోయలోకి దిగి మళ్ళీ ఎక్కాలి కాబట్టి అంతకంటే తక్కువైతే చాలవు.

గుండంలో పడే జలపాతం నీరు చూడడానికి అద్దంలా ఉంటుంది, తీర్థమని అందరూ తాగుతారు. కానీ జాతర రోజుల్లో వేలమంది అదే ధార కింద స్నానం చేస్తారు. భక్తితో అరచేతిలో పుచ్చుకునేదాన్ని నేను కాదనను గానీ, సీసా నింపుకోవాలనుకుంటే మాత్రం జనం కాలు పెట్టని పైభాగంలో నింపుకుని, శుద్ధి చేసుకున్నాకే తాగండి. మామూలు రోజుల్లో నల్లమల ఇతర దారుల్లో తిరిగేటప్పుడు ఎండాకాలంలో కూడా ఏ ఊట బతికి ఉంటుందో చెంచులకే తెలుస్తుంది. మ్యాపులో గీసిన వాగును నమ్ముకుని బయలుదేరకండి.

క్లోరిన్ మాత్రల వాడకంలో చాలామంది తొందరపడతారు. నీరు బురదగా ఉంటే క్లోరిన్ ఆ మట్టితో, కుళ్ళిన ఆకులతో కలిసి ఖర్చయిపోతుంది, సూక్ష్మజీవుల దాకా చేరదు. అందువల్ల ముందు నీటిని తేటపరచుకోవాలి. మన ఊళ్ళలో కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవారు, పటిక ముక్క తిప్పేవారు. రెండూ మట్టిని అడుక్కు దించుతాయి, సూక్ష్మజీవులను నమ్మకంగా చంపవు. శుభ్రమైన నేత గుడ్డను నాలుగైదు మడతలు పెట్టి వడకట్టినా చాలా మేలు జరుగుతుంది. ఒకప్పుడు దిగుడుబావుల నీళ్ళు తాగినవారిని పీడించిన నారికురుపును తరిమికొట్టడంలో గుడ్డతో వడకట్టడానికి పెద్ద పాత్ర ఉంది. ఎందుకంటే ఆ జబ్బుకు కారణమైన పురుగు పిల్లలను మోసే సైక్లాప్స్ అనే నీటిపురుగు గుడ్డకు చిక్కేంత పెద్దది. 2000లో మన దేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. అంతమాత్రాన వాగు నీటికి గుడ్డ ఒక్కటే చాలదు, అది మొదటి మెట్టు మాత్రమే.

తేటపడిన నీటిని ఫిల్టర్ చేసి, పొట్లం మీద రాసిన కొలత ప్రకారం మాత్ర వేసి, కనీసం అరగంట ఆగండి. నీరు చల్లగా ఉంటే ఆ సమయాన్ని రెట్టింపు చేయాలి. మాత్ర కరిగిన కాసేపటికి మూత కొంచెం వదులు చేసి, సీసాను తలకిందులుగా వంచితే మూత బిగించే గాడుల మధ్య చిక్కుకున్న పచ్చి నీరు కూడా కొట్టుకుపోతుంది. మన పెదవి తగిలేది అక్కడే కదా, ఆ సంగతి చాలామందికి తట్టదు. క్లోరిన్ వాసన పడనివారు నిమ్మకాయ పిండుకోవచ్చు, కానీ అరగంట గడిచాకే పిండాలి. నిమ్మరసంలోని సి విటమిన్ క్లోరిన్‌ను నిర్వీర్యం చేస్తుంది కనుక ముందే పిండితే మాత్ర వేసిన ఫలితం దక్కదు. ఓఆర్‌ఎస్ పొడి విషయంలోనూ ఇదే వరుస పాటించండి. బట్టలుతకడానికి అమ్మే బ్లీచ్ సీసాలను మాత్రం ఇందుకు వాడకండి, వాటిలో సువాసనలు కలుపుతారు, గాఢత కూడా ఒక్కో సీసాలో ఒక్కోలా ఉంటుంది.

మంచుకొండ:

హర్ కీ దూన్ సుమారు 3500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీరు 88 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఆ వేడి చాలదేమోనని భయపడనక్కర్లేదు, 70 డిగ్రీలు దాటినప్పటి నుంచే రోగకారక జీవులు వేగంగా చనిపోతుంటాయి. కుతకుత మరగడం మొదలయ్యాక మామూలు ఎత్తులో ఒక నిమిషం, 2000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు ఉంచితే బ్యాక్టీరియా, వైరస్, జియార్డియా, క్రిప్టోస్పోరిడియం అన్నీ పోతాయి. ఇరవై నిమిషాలు మరిగించాలన్న పాత సలహా వల్ల గ్యాస్ తగలబడడం తప్ప అదనపు ప్రయోజనమేమీ లేదు. గ్యాస్ డబ్బాను శంషాబాద్ నుంచి విమానంలో తీసుకెళ్ళనివ్వరు, చెక్-ఇన్ సామానులో కూడా కుదరదు. దాన్ని డెహ్రాడూన్‌లో దిగాక కొనుక్కోవాలి.

నేనైతే సాయంత్రం బసలో వంటతోపాటు మరునాటి నీళ్ళు కాచుకుంటాను, పగలు దారిలో మాత్రం ఫిల్టర్, మాత్రలు వాడతాను. ఆ లోయలో గొర్రెల మందలు, కంచరగాడిదలు పైదాకా మేస్తాయి కనుక నీరు ఎంత చల్లగా, ఎంత తేటగా ఉన్నా పచ్చిగా తాగకండి. రాత్రి ఫిల్టర్‌ను స్లీపింగ్ బ్యాగులో మీ పక్కనే పెట్టుకోండి. ఒకసారి వాడిన ఫిల్టర్‌లో తడి మిగిలి అది గడ్డకడితే, లోపలి బోలు దారాలు చిట్లిపోతాయి. పైకి ఏ తేడా కనిపించదు, నీరు మరింత ధారాళంగా వస్తుంది కూడా. గడ్డకట్టిందని అనుమానం వస్తే దాన్ని పారేయడమే మంచిది. అతినీలలోహిత కిరణాల పెన్ను లీటరు తేట నీటిని నిమిషంన్నరలో శుద్ధి చేస్తుంది గానీ, చలికి బ్యాటరీ నీరసించిపోతుంది కనుక దాని మీదే ఆధారపడమని నేను చెప్పను.

మియాపూర్ బాటసారి:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. చిన్న సందేహం మిగిలింది. సలేశ్వరం వెళ్ళే దారిలో పల్లెల్లో చేతిబోరింగులు కనిపిస్తాయి. వాటి నీరు నేరుగా తాగవచ్చా? ఫ్లోరైడ్ ఉంటుందని మా బృందంలో ఒకరు భయపెడుతున్నారు.

ప్రయోగశాల పాతకాపు:

భయానికి కారణం లేకపోలేదు. నల్గొండ జిల్లాలో, ముఖ్యంగా మర్రిగూడ వైపు, బోరు నీటిలోని ఫ్లోరైడ్ వల్ల తరాల తరబడి జనం ఎముకలు వంగిపోయాయి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఫ్లోరైడ్‌ను క్లోరిన్ గానీ, మీ చిన్న ఫిల్టర్ గానీ తీయలేవు. మరిగిస్తే నీరు ఆవిరైపోయి దాని గాఢత ఇంకొంచెం పెరుగుతుంది కూడా. కానీ ఆ జబ్బు ఏళ్ళ తరబడి రోజూ తాగేవారికి వచ్చేది. దారిలో ఒకపూట రెండు సీసాలు నింపుకున్నందువల్ల మీకు రాదు. పురుగుమందుల సంగతి వేరు. పత్తి చేల నుంచి దిగివచ్చే కాలువ నీటినీ, పైన ఆకుపచ్చ తెట్టు కట్టిన కుంట నీటినీ ఏ పద్ధతిలోనూ శుద్ధి చేయాలని ప్రయత్నించకండి, వదిలేసి ముందుకు వెళ్ళండి. బోరింగు చుట్టూ కట్టిన గచ్చు పగలకుండా, అక్కడ మురుగు నిలవకుండా ఉంటే ఆ నీరు వాగు నీటికంటే మెరుగే. అయినా సీసాలో ఒక క్లోరిన్ మాత్ర వేసుకోండి.