అమ్మమ్మ పతకం జమీందారు గారిదని రాసివ్వొచ్చా?

బర్మాక్యాంపు అమ్మాయి:
మా అమ్మమ్మ తొంభై ఒకటో ఏట పోయింది. ఏడాది అయింది. ఆవిడ కెంపుల పతకం ఇప్పుడు అమ్మకి, పెద్దమ్మకి, మావయ్యకి ఉమ్మడిది. అరచేతిలో సగం ఉంటుంది. చింతగింజంత కెంపులు తొమ్మిది, మధ్యలో ఒక పచ్చ, వెనక బంగారు రేకు మీద చెక్కిన హంస. కింద వేలాడే ముత్యాల్లో రెండు ఎప్పుడో రాలిపోయాయి. అమ్మమ్మ వాళ్ల నాయనమ్మ ఒక జమీందారు గారింట్లో పురుడు పోసిందని, రాణి గారు మెడలోంచి తీసి ఇచ్చారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం.

పాత నగలు కొనే ఒకాయన దీన్ని చూసి, బంగారం ధరకి మూడింతలు ఇస్తానన్నాడు. ఒకటే షరతు. ఇది రెండు వందల ఏళ్ల నాటిదని, ఫలానా జమీందారీ నుంచి మా ఇంటికి వచ్చిందని ముగ్గురూ సంతకాలు పెట్టి రాసివ్వాలి. దుబాయ్‌లో పార్టీ ఉందట. మావయ్య సరే అన్నాడు. నాకు మనసొప్పడం లేదు. అడ్డం చెప్పబోతే "మా అమ్మ అబద్ధాలకోరంటావా?" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. రాసివ్వడం తప్పా, కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

వన్‌టౌన్ పాతకాపు:
తప్పేం లేదమ్మా, రాసివ్వండి. నిజాం నగలకి జాబితాలు, లెక్కలు ఉన్నాయి కాబట్టి 1995లో ప్రభుత్వం 218 కోట్లు పెట్టి కొంది. పురుడు పోసిన మనిషికి నగ ఇచ్చి రసీదు రాసిచ్చే రాణి ఎక్కడైనా ఉంటుందా? కాగితం ఉంటేనే నమ్ముతామంటే కోటలో ఉన్న నగకే చరిత్ర ఉంటుంది, మన పెద్దవాళ్ల మెడలో ఉన్నదానికి ఉండదు. నాలుగు తరాలు ఒకే మాట చెప్పుకుంటూ వచ్చారు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కురుపాం మార్కెట్ పనివాడు:
నాన్నగారి కాలం నుంచీ కుందనం పని మాది. అమ్మా, ముందు ఒక మాట. ఎవరేం చెప్పినా ఆ పతకాన్ని యాసిడ్‌తో కడిగించొద్దు, మంట దగ్గర పెట్టనివ్వొద్దు. పాత పతకాల్లో లోపల లక్క ఉంటుంది, రాయి వెనక రేకు ఉంటుంది. లక్క కరిగితే రాళ్లు కదులుతాయి, నీళ్లు దిగితే రేకు నల్లబడి కెంపు చచ్చిపోతుంది.

తర్వాత, మంచి లెన్సు ఉన్నవాళ్ల దగ్గర ఒక్కో కెంపునీ చూపించండి. కొలిమిలో తయారుచేసే కెంపు పద్ధతిని వెర్నెయ్ అనే ఫ్రెంచి ఆయన 1902లో బయటపెట్టాడు. ఆ రాయి లోపల గ్రామఫోన్ రికార్డు మీద గాడుల్లా వంపు గీతలు కనిపిస్తాయి, గాలి బుడగలు కూడా ఉండొచ్చు. భూమిలో పుట్టిన కెంపులో వంపు గీతలు ఉండవు. అలాంటి రాయి ఒక్కటి కనబడినా, అది పొదిగింది దాదాపుగా 1902 తర్వాతే అనుకోవచ్చు. అలాగని అన్నీ అసలు కెంపులే అయితే నగ పాతదైపోదు. నిన్న పొదిగినా అసలు కెంపు భూమిలోదే కదా. అందుకే రాయితో పాటు పనితనం చూడాలి. కొంకి, అంచు, వెనక చెక్కుడు, అన్నీ ఒకే చేతి పనేనా అని.

ఎర్రమట్టి దిబ్బలు:
పాతకాపు గారి బాధ నాకు అర్థమైంది, పూర్తిగా ఒప్పుకుంటాను కూడా. మన విశాఖలో చేసిన దంతపు పెట్టెలు లండన్ మ్యూజియంలో ఉన్నాయి. అలాంటి పెట్టెలు చాలావాటి మీద చేసినవాడి పేరు లేదు. పనితనం చూసే మన ఊరివని గుర్తుపడతారు. కాగితం ఒక్కటే సాక్ష్యం కాదు.

కానీ కథ ఒక్కటే కూడా సాక్ష్యం కాదు. అదే లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కానింగ్ పతకం ఉంది. పెద్ద వంకర ముత్యాన్నే మొండెంగా చేసిన సముద్రపు మనిషి బొమ్మ. 16వ శతాబ్దంలో ఇటలీలో చేశారని, అక్కడి ప్రభువులు మొఘల్ చక్రవర్తికి కానుకగా పంపారని, ఇక్కడి నుంచి బ్రిటిష్ వైస్రాయ్ లార్డ్ కానింగ్ తీసుకెళ్లాడని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత పరిశీలించినవాళ్లు అది 19వ శతాబ్దపు పని అయి ఉండొచ్చన్నారు. 1909లో చనిపోయిన రైన్‌హోల్డ్ వాస్టర్స్ అనే జర్మన్ కంసాలి గీసుకున్న బొమ్మలు వెయ్యికి పైగా ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. వాటిని పోల్చి చూస్తే, మూడు నాలుగు వందల ఏళ్ల నాటివనుకున్న నగలూ పాత్రలూ ఎన్నో ఆయన చేతివేనని తేలింది. అంత పెద్ద మ్యూజియాలే కథని నమ్మి మోసపోయాయి.

ఇప్పుడు మీ సంగతి. అమ్మమ్మ తొంభై ఒకటి అంటున్నారు. ఆవిడ నాయనమ్మ ఏ 1880 ప్రాంతంలోనో పుట్టి ఉంటుంది. అంటే కానుక అందేసరికి 1900 అటూ ఇటూ. మరి రెండు వందల ఏళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ మాట మీ అమ్మమ్మది కాదమ్మా, కొనేవాడిది. అది ఆవిడ నోట్లో పెట్టి మీ చేత సంతకం చేయిస్తున్నాడు. మీ అమ్మగారికి ఇది చెప్పండి.

ఇంకోటి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువుని దేశం దాటించకూడదు, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. రెండు వందల ఏళ్లని మీరే రాసిచ్చి, దుబాయ్ పార్టీకని తెలిసీ అమ్మితే రేపు ఆ కాగితం ఎవరి మెడకి చుట్టుకుంటుంది?

బర్మాక్యాంపు అమ్మాయి:
చూపించాను. ఎనిమిది కెంపుల్లో సన్నటి దారాల్లాంటివి ఉన్నాయి, అవి అసలువే అన్నారు. ఎడమవైపు కింద ఉన్న తొమ్మిదోదాన్లో వంపు గీతలు. నేను కూడా చూశాను. అచ్చం రికార్డు గాడుల్లాగే ఉన్నాయి. దాని చుట్టూ అంచు కూడా కాస్త మందంగా ఉంది.

ఇంటికొచ్చి అమ్మకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి రంగూన్‌లో స్టూడియోలో తీయించుకున్న ఫోటో తెచ్చింది. ముత్తవ్వ మెడలో ఇదే పతకం. ఎడమవైపు కింద ఒక గూడు ఖాళీ! భూతద్దం పెట్టి చూశాం, స్పష్టంగా కనిపిస్తోంది. ఫోటో వెనక సిరాతో 1931 అని ఉంది. 1942లో జపాన్ బాంబులకి భయపడి బర్మా నుంచి కొండల్లో నడిచి వచ్చినప్పుడు దీన్ని పసిబిడ్డ నడుముకి గుడ్డలో చుట్టి కట్టారని అమ్మ అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లలో ఆ మాట ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు. రాణి గారి కథే చెప్పుకున్నాం గానీ, ఈ నడక గురించి ఎవరూ చెప్పలేదు.

వన్‌టౌన్ పాతకాపు:
అది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను తల్లీ. మా వాళ్లూ రంగూన్ ఓడ ఎక్కినవాళ్లే. అయినా నా మాట మార్చుకోను. రాణి గారి సంగతి అబద్ధమని రుజువు కాలేదు. దాన్ని కాగితంలోంచి తీసేయకండి.

కురుపాం మార్కెట్ పనివాడు:
తీసేయక్కర్లేదు. అమ్మమ్మ చెప్పేదని రాసి, ఆ కింద కంటికి కనిపించింది రాయండి. ఆ తొమ్మిదో రాయిని మాత్రం మార్చకండి. అది 1931 తర్వాత పొదిగిందని ఫోటోయే చెబుతోంది కదా.

బర్మాక్యాంపు అమ్మాయి:
అలాగే రాశాం. "రాణి గారిచ్చారని మా అమ్మమ్మ చెప్పేది. 1931 నాటి రంగూన్ ఫోటోలో ఒక రాయి లేదు. ఇప్పుడున్న తొమ్మిదో కెంపు తయారుచేసినది. రెండు ముత్యాలు లేవు." అమ్మ, పెద్దమ్మ సంతకం పెట్టారు. కొనేవాడు చదివి, బంగారం ధర ఇస్తానన్నాడు. ఇవ్వనన్నాం. మావయ్య వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఆయన వాటా డబ్బు నెలనెలా మేమిద్దరం కడతామని రేపు అమ్మతో వెళ్లి చెప్పి వస్తాను.