సమస్యాపూరణం: పండుఁ దినివేసినను కళాఖండ ముండె

పృచ్ఛకులు:

ఈ వారం సమస్య (మీరు పూరించాల్సిన పద్యపాదం) తేటగీతి ఛందస్సులో నాలుగో పాదం. పూరించినవారిని ఊరి పేరుతో పిలుస్తున్నాను.

పండుఁ దినివేసినను కళాఖండ ముండె

గణాలు (గురులఘువుల గుంపులు): పండు (హ), దినివేసి (సల), నను కళా (నగ), ఖండ (హ), ముండె (హ). సూర్యగణం ఒకటి, ఇంద్రగణాలు రెండు, సూర్యగణాలు రెండు సరిపోయాయి. పండు–ఖండ ప్రాసయతి, అంటే పాదం మొదట్లోనూ నాలుగో గణంలోనూ రెండో అక్షరం కలవడం. మిగిలిన మూడు పాదాలు మీవి. అక్షరయతి (ఆ రెండు చోట్లా మొదటి అక్షరాల మైత్రి) అయినా ప్రాసయతి అయినా సరే.

విషయం ఇప్పటి కళావిపణి. తెలియనివారి కోసం అసలు సంగతి చెబుతాను. ఇటలీ శిల్పి మౌరిజియో కాటెలాన్ 2019 డిసెంబరులో మయామీ బీచ్ ఆర్ట్ బాసెల్ సంతలో అరటిపండును వెండిరంగు డక్ట్ టేప్‌తో గోడకు అంటించి 'కమెడియన్' అని పేరు పెట్టాడు. ప్రతులు మూడు. మొదటి రెండూ 1,20,000 డాలర్ల చొప్పున పోయాయి. 2024 నవంబరులో న్యూయార్క్ సదబీస్ వేలంలో ఒక ప్రతి రుసుములతో కలిపి 62 లక్షల డాలర్లు పలికింది. మన లెక్కలో 50 కోట్ల పైమాట. ఆ రోజు గోడకు పెట్టిన పండు వీధిబండి దగ్గర 35 సెంట్లకు కొన్నది. కొన్నాయన కొద్దిరోజులకే హాంకాంగ్‌లో విలేకరుల ముందు ఆ పండు ఒలుచుకుని తినేశాడు. అయినా ఆయన ఆస్తి ఏమీ తగ్గలేదు, ఎందుకంటే ఆయన కొన్నది ధ్రువపత్రం, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. ఈ మెలిక పట్టుకోకుండా ఊరికే 'పిచ్చి' అని తిడితే పద్యం నిలవదు.

పూరణ 1 (తెనాలి)

గోడ కంటించి యొకపండుఁ గోట్ల కమ్మి
చేతి కొకపత్ర మిచ్చిరి; చిత్ర మదియె;
కాయ మారును; పత్రమే పాయ దెపుడు;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

పృచ్ఛకులు: అయ్యా, బాగు బాగు. రెండో పాదంలో 'చిత్రము' బొమ్మకూ వింతకూ రెండిటికీ పనికొచ్చింది. మూడో పాదం ఇంకా మెరుగు. 'కాయ మారును' అనగానే 'కాయము' చెవిన పడుతుంది. దేహాలు మారుతున్నా ఆత్మ మారదన్న పాత మాటలో ఆత్మ స్థానాన కాగితాన్ని కూర్చోబెట్టారు. అధిక్షేపం (వ్యంగ్యంగా ఎత్తిపొడవడం) అంటే ఇదీ, ఒక్క తిట్టుమాట లేదు.

వరంగల్లు: ఒక దిద్దుబాటు. మొదటి పాదంలో 'పండు', నాలుగో పాదంలో మళ్లీ 'పండు'. నాలుగు పాదాల చిన్న పద్యంలో అది బరువు. 'గోడ కంటించి యరటినిఁ గోట్ల కమ్మి' అంటే 'యరటిని' నలం (నాలుగు లఘువులు), గణం చెడదు, యతి గో–గో అలాగే ఉంటుంది. పైగా ఏ పండో తెలుస్తుంది.

తెనాలి: దిద్దుకున్నాను. 'యరటినిఁ' చాలా నయం.

పూరణ 2 (విజయనగరం)

ఆఁకలైనదం చొక్క విద్యార్థి యంత
గుజ్జు తిని తొక్క నతికెను గోడపైన;
వేఱొకటి తెచ్చి పెట్టిరి వెనుక వారు;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

ఇది 2023లో సియోల్ లీయమ్ మ్యూజియంలో జరిగింది. పొద్దున ఏమీ తినలేదని ఒక విద్యార్థి పండు తీసి తిని, తొక్కను అదే టేప్‌తో మళ్లీ అంటించాడు.

సింగపూరు: మొదటి పాదంలో ఆ–ద్యా యతి ఎలా చెల్లుతుంది?

పృచ్ఛకులు: రెండు విధాల చెల్లుతుంది, అమ్మా. విద్యార్థి అంటే విద్యా + అర్థి. సవర్ణదీర్ఘంలో 'అర్థి' అకారం కలిసిపోయి ఉంది కనుక స్వరయతి. అది వద్దనుకుంటే 'ద్యా'లో యకారం ఉంది. సంయుక్తాక్షరంలో ఏ హల్లుతోనైనా యతి కుదుర్చుకోవచ్చు, అకార యకారాలకు మైత్రి ఉంది. నేనైతే మొదటి కారణమే చెబుతాను, గట్టిది.

పద్యంలో నాకు నచ్చింది 'తొక్క నతికెను'. జరిగిన సంగతిని ఉన్నదున్నట్టు చెప్పారు, నవ్వు దానంతట అదే వచ్చింది. మూడో పాదం మాత్రం కొంచెం పొడిగా ఉంది. 'వారు' ఎవరు? మ్యూజియం మాట పద్యంలో ఎక్కడా లేదు. వార్త తెలిసినవాడికే అన్వయం కుదురుతోంది. పద్యం తన కాళ్ల మీద తాను నిలబడాలి.

పూరణ 3 (కాకినాడ)

ఫలముఁ జూచుచు రంగులఁ బటముఁ దీర్చె;
పనియు ముగియఁ జిన్నారులు పంచుకొనిరి;
యాఱఁ బెట్టిరి నూనెరం గాఱు నెలలు;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

విజయనగరం: ఇందులో అధిక్షేపం ఏదీ? విషయం కళావిపణి కదా.

పృచ్ఛకులు: నా మట్టుకు ఇది ఈ వారం పూరణల్లో నిజాయితీ గలది. ఏ మెలికా లేకుండా సమస్య విడిపోయింది. ఎదురుగా పెట్టుకున్న పండు బొమ్మలోకి వెళ్లింది, పండు పిల్లల కడుపులోకి వెళ్లింది. కోట్ల అరటిపండును కొలవడానికి ఇలాంటి కొలబద్ద పక్కన ఉండాలి. కాబట్టి విషయానికి బయటిది కాదు.

పనితనం తెలిసిన పద్యం కూడా. తైలవర్ణం నీటిరంగులా ఆవిరై ఆరదు. అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది. అంబర్ లాంటి మట్టిరంగులు త్వరగా, కాడ్మియం, టైటానియం తెలుపు ఆలస్యంగా ఆరతాయి. పైకి ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటుంది. అందుకే వార్నిష్‌కు ముందు ఆరు నెలలు ఆగమంటారు. తొందరపడి పూస్తే పై పొర బిగిసి లోపలి పొర కదిలి పగుళ్లు పడతాయి. ఇక్కడ పాదాల వరస కూడా ముఖ్యం. పిల్లలు పంచుకోవడం రెండో పాదంలో, ఆరబెట్టడం మూడో పాదంలో పెట్టారు. తారుమారైతే ఆరు నెలల నాటి పండును పిల్లలకు పెట్టినట్టయ్యేది.

కాకినాడ: మొదట అలాగే రాసి మార్చానండి.

వరంగల్లు: 'గాఱు'లో యా–గా అంటే?

పృచ్ఛకులు: రంగు + ఆఱు. గకారం ముందు మాటది, యతి ఆకారానికే. పైగా యాఱ–గాఱు ప్రాసయతి కూడా పడింది. రెండు తాళాలు వేసిన తలుపు.

పూరణ 4 (సింగపూరు)

యాపి లొక్కటి పీఠంబు పైన నుంచ
గాయకుఁడు వచ్చి కొఱికెను గంటఁ బడఁగ;
పేరుపలకయె మిగిలిన పెద్ద గుర్తు;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

జపాన్ కళాకారిణి యోకో ఓనో 1966లో లండన్ ఇండికా గ్యాలరీలో పీఠం మీద ఆపిల్ పెట్టారు. చూడవచ్చిన బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ దాన్ని కొరికాడు.

తెనాలి: మొదటి పాదంలో యతి తప్పింది, చెల్లెమ్మా. నాలుగో గణం 'పైన', మొదటి అక్షరం 'యా'. 'పీఠమున నాపి లొక్కటి పెట్టి చూప' అనండి. పీ–పె యతి కుదురుతుంది, గణాలు హ, సల, భ, హ, హ.

పృచ్ఛకులు: దిద్దుబాటు సరిగ్గా ఉంది. ఇంకొక మాట. గాయకుడు కొరికాడు, తినెయ్యలేదు. సమస్యలో 'తినివేసినను' ఉంది. కొరుకుడుకీ తినివేతకీ మధ్య ఒక అడుగు ఖాళీ. 'పేరుపలక' మాత్రం ఎంత మంచి పట్టు! ఆ కృతిలో భాగాలు పారదర్శకమైన పీఠం, ఇత్తడి పలక, ఆపిల్. పండు కుళ్లడం కూడా కృతిలో భాగమే. అంటే ఓనో ఆపిల్‌కు కాలం ఉంది, కాటెలాన్ అరటికి ధర ఉంది. ఈ తేడా ఎవరైనా పద్యంలో పెడితే చూడాలని ఉంది.

పూరణ 5 (గుంటూరు)

శూన్యమే రూపమని గోడ చూపి పలికి
పుటలు పదునైదు వ్రాసిరి పొగడుకొనుచు
నర్థ మడిగిన నవ్విరి యజ్ఞుఁ డనుచు;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

పృచ్ఛకులు: ప్రదర్శనశాలల వివరణపత్రాల మీద గురి బాగుంది. కానీ రెండు లోపాలున్నాయి.

మొదటిది వ్యాకరణం. 'అనుచున్' ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద 'పండు' వస్తే 'బండు' కావాలి. సమస్యాపాదం మార్చే హక్కు మనకు లేదు కనుక మూడో పాదం కళతో (వ్యాకరణంలో చివర ఆ నకారం లేని మాటతో) ముగియాలి: 'నర్థ మడిగిన నవ్వుచు నజ్ఞుఁ డనిరి'. పరుషంతో (క, చ, ట, త, ప) మొదలయ్యే సమస్య ఎప్పుడు వచ్చినా ముందు చూసుకోవలసింది ఇదే. 'ఎను', 'అన్', 'చున్', 'కున్', 'గాన్' వీటితో ముగిస్తే చిక్కు. 'ఇరి', 'దు', నామవాచకం అయితే హాయి.

రెండోది అన్వయం. మూడు పాదాలు ఖాళీ గోడ గురించి నడిచి నాలుగో పాదంలో హఠాత్తుగా పండు ఊడిపడింది. సమస్యను మోసుకొచ్చి అతికించినట్టుంది. మొదటి పాదంలోనే పండు జాడ ఉండాలి.

వరంగల్లు: ఇలా అయితే?

తొక్కయే తత్త్వ మని గోడ పక్కఁ జేరి
పుటలు పదునైదు వ్రాసిరి పొగడుకొనుచు
నర్థ మడిగిన నవ్వుచు నజ్ఞుఁ డనిరి;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

గుంటూరు: నా పద్యం ఇప్పుడు పద్యమైంది. తొక్క–పక్క ప్రాసయతి, 'తొక్క'లో వాడుక మాట ఎత్తిపొడుపు, రెండూ కలిశాయి. అన్నగారికి నమస్కారం. ఒక సందేహం: 'పదునైదు వ్రాసిరి'లో 'వ్రా' ముందున్న 'దు' గురువు కాదా?

పృచ్ఛకులు: కాదు. మాట వేరు, పైగా 'వ్రాయు' తెలుగు మాట. దాని ముందరి లఘువు లఘువే. సంస్కృత సమాసం మధ్యలో అయితే గురువయ్యేది.

పూరణ 6 (న్యూజెర్సీ)

తొక్క పాఱవేయక దాఁచి యొక్కటొకటి
దారమునఁ గుట్టి బొత్తాలఁ దగులవైచి
నేస్త మొకఁడేగఁ దలఁచుచు నెఱపె వనిత;
పండుఁ దినివేసినను కళాఖండ ముండె.

ఇది అమెరికా కళాకారిణి జోయ్ లియొనార్డ్ కృతి, 1992–97 మధ్య చేసింది, ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. నారింజ, అరటి, నిమ్మ, పంపర, అవకాడో తొక్కలు సుమారు 300. గుజ్జు తినేశాక ఒట్టి తొక్కలను దారం, జిప్పులు, బొత్తాలతో మళ్లీ పండు ఆకారానికి కుట్టారు. ఎయిడ్స్‌తో 1992లో పోయిన చిత్రకారుడు డేవిడ్ వోయ్నరోవిచ్‌కు అంకితం.

పృచ్ఛకులు: ఈ పూరణకు నేను లేచి నిలబడతాను. సమస్య అక్షరాలా నిజమైంది. పండు తినేశారు, కళాఖండం ఉంది. తొక్కలు పాడవకుండా ఆపే పద్ధతిని ఒక సంరక్షణ నిపుణుడు కనిపెట్టి ఇచ్చినా ఆమె వద్దన్నారు. ఎండి, ముడుచుకుని, రాలిపోవడమే ఆ కృతి చెప్పదలచింది. పోయినవారిని కుట్టి తిరిగి తెచ్చుకోలేం, కుట్టకుండానూ ఉండలేం. అరటిపండునూ ఈ తొక్కలనూ ఒకే గాటన కట్టి వెక్కిరించేవారికి ఈ పద్యం చూపించాలి. అధిక్షేపం రాసేవాడికి ఏది డంబమో ఏది కాదో వేరుచేసే చూపు ముందుండాలి.

'నెఱపె' మంచి ఎన్నిక. పరచడం, నెరవేర్చడం రెండూ అందులో ఉన్నాయి.

వరంగల్లు: సమస్య మీదే ఒక మాట, కోపగించుకోకండి. 'తినివేసినను' ద్రుతాంతం కదా. పూరణల్లో మాకు చెప్పిన నియమం సమస్యకూ వర్తించాలి. 'వేసినను గళాఖండ' కావద్దా?

పృచ్ఛకులు: కోపమెందుకు, నిజమే. సరళాదేశం (కకారం గకారం కావడం) రావాలి, తప్పు నాది. 'గళాఖండ ముండె' అని దిద్దుతున్నాను. ప్రాసయతి డకారం మీద నిలిచింది కనుక యతికి భంగం లేదు. ఇప్పటికే రాసినవారు కూడా అలా మార్చుకుంటే చాలు, ఇంకేదీ కదలదు. తినేసిన పండు 'గళం' దాటిందన్న ధ్వని అదనంగా వచ్చింది.

పూరణ 7 (వరంగల్లు)

వస్తు వేపాటి? యూహయే వాసి కెక్కు;
నూహఁ గొఱికెడి దంతంబు లున్నె జగతి?
ముక్క ముక్కగఁ జేసిన మొక్కవోదు;
పండుఁ దినివేసినను గళాఖండ ముండె.

ఇక్కడ కళ + అఖండము అని విరిచాను. ఖండం కాదు, అఖండం.

పృచ్ఛకులు: ఆహా! ఇన్నాళ్లూ 'ముక్క' అనుకున్న మాటలోంచి 'ముక్కలు కానిది' తీశారు. మూడో పాదంలో 'ముక్క ముక్కగ' అని ముందే ఎదురు పెట్టడం వల్ల విరుపు చెప్పకుండానే తెలుస్తోంది. పద్యంగా నాకు ఏ లోపమూ కనబడలేదు.

కాకినాడ: పద్యం సరే, వాదం ఒప్పుకోలేను. ఊహను ఎవరూ కొరకలేరు, నిజమే. కానీ అమ్మింది ఊహను కాదు, కాగితాన్ని. అమెరికా కళాకారుడు సోల్ లెవిట్ గోడచిత్రాలు చూడండి. 1968లో తానే గోడ మీద గీతలు గీయడం మొదలుపెట్టి, తర్వాత ఇతరుల చేత గీయించాడు. ప్రదర్శన అయ్యాక సున్నం కొట్టేస్తారు, మరో ఊళ్లో మరో గోడ మీద సూచనల ప్రకారం మళ్లీ గీస్తారు. చేతిలో ఉండేది ధ్రువపత్రం, రేఖాపటం. ఆ పత్రం లేనివాడు అవే గీతలు అంతే నేర్పుగా గీసినా విపణిలో దానికి విలువ లేదు. ఊహ అందరికీ తెలిసిందే అయినా యజమాని ఒక్కడే. తెనాలివారి 'పత్రమే పాయ దెపుడు' అందుకే నాకు దగ్గర.

వరంగల్లు: ఆ పత్రాన్నే కాల్పించిన కళాకారుడూ ఉన్నాడు. పారిస్‌లో ఈవ్ క్లైన్ ఖాళీ జాగాను బంగారానికి అమ్మి రసీదు ఇచ్చేవాడు. కొన్నవాడు ఆ రసీదు కాల్చేస్తే తాను బంగారంలో సగం సెయిన్ నదిలో విసిరేవాడు. కాగితమూ పోయింది, సగం బంగారమూ పోయింది. నా పద్యం అక్కడ నిలబడుతుందని నమ్ముతున్నాను.

పృచ్ఛకులు: అయితే మీ ఇద్దరి మాటా ఒకే పద్యంలో పట్టగలరేమో చూడండి. రెండో పాదంలో పత్రం, మూడో పాదంలో నిప్పు, మూడో పాదం చివర కళ. శనివారం రాత్రి దాకా గడువు.