కొత్త బండికి షోరూంలో చెప్పిన లెక్క సరైనదేనా? వాయిదాలు, బీమా గురించి సలహా కావాలి

పొలంగట్టు (భీమవరం):

అందరికీ నమస్కారం. నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. రాత్రి షిఫ్టు ముగిసే వేళకు బస్సులు ఉండవు కాబట్టి, దీపావళిలోపు 125 సీసీ బండి ఒకటి కొనాలనుకుంటున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గడంతో ధర నాకు అందుబాటులోకి వచ్చింది. అయితే షోరూంలో కాగితం మీద రాసిచ్చిన లెక్క చూసిన తరువాత నాకు కొన్ని సందేహాలు కలిగాయి.

ఆ లెక్క ఇలా ఉంది: ఎక్స్‌షోరూం ధర 90,000, లైఫ్ ట్యాక్స్ 10,800, రిజిస్ట్రేషన్, నంబరు ప్లేటు కలిపి 2,400, బీమా 8,950, హ్యాండ్లింగ్ ఛార్జీలు 2,500, హెల్మెట్, శారీ గార్డు, క్రాష్ గార్డు, సీటు కవరు వంటివన్నీ కలిపి 5,350. మొత్తం 1,20,000 రూపాయలు. నేను 30,000 కడితే మిగతా 90,000 రూపాయలను అక్కడే కూర్చున్న ఫైనాన్స్ ప్రతినిధి 10 శాతం వడ్డీకి ఇప్పిస్తానన్నారు. మూడేళ్లపాటు నెలకు 3,250 చొప్పున వాయిదా కట్టాలి. డాక్యుమెంట్ ఛార్జీల కింద మరో 2,700 ముందే చెల్లించాలట.

నా సందేహాలు మూడు. ఈ బిల్లులో తప్పనిసరిగా కట్టవలసినవి ఏవి, కాదనగలిగినవి ఏవి? 10 శాతం వడ్డీ అన్నది నిజంగా 10 శాతమేనా? బండిని నాన్నగారి పేరున తీసుకోవాలని ఇంట్లో అందరి కోరిక, కానీ ఆయనకు లైసెన్సు లేదు. దానివల్ల తరువాత ఏదైనా ఇబ్బంది వస్తుందా? నాకు ఫిబ్రవరిలో చీటీ డబ్బు కొంత చేతికి వస్తుంది. అమ్మ తన గాజులు తాకట్టు పెట్టుకోమంటోంది కానీ నాకు మనసొప్పడం లేదు.

వాయిదాలలెక్క (రాజమహేంద్రవరం):

పొలంగట్టు గారూ, నేను చాలాకాలం బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేశాను. అందువల్ల మీ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను, మిగతావి తెలిసినవారు చెప్పగలరు.

మీకు చెప్పినది ఫ్లాట్ వడ్డీ. 90,000 రూపాయల మీద ఏడాదికి 10 శాతమంటే 9,000, మూడేళ్లకు 27,000. అసలు, వడ్డీ కలిపిన 1,17,000ను 36తో భాగిస్తే సరిగ్గా 3,250 వస్తుంది. ఇందులోని కిటుకు ఏమిటంటే, మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరి నెల వరకు మొత్తం 90,000 మీదనే లెక్క కడతారు. మూడో ఏడాదికి మీ మీద ఉన్న అప్పు సుమారు ముప్పై అయిదు వేలే అయినా, వడ్డీ తొంభై వేలకు కడుతూ ఉంటారు. ఇదే అప్పును తగ్గుతున్న అసలు మీద 10 శాతానికి తీసుకుంటే వాయిదా సుమారు 2,904 రూపాయలు, మూడేళ్ల వడ్డీ మొత్తం పధ్నాలుగున్నర వేలు. ఇంకో విధంగా చెప్పాలంటే, మీకు ఇస్తామంటున్న రుణంలో తగ్గుతున్న అసలు మీద అసలైన వడ్డీ రేటు దాదాపు 18 శాతం. ముందుగా తీసుకునే 2,700ను కూడా లెక్కలో కలిపితే అది సుమారు 20 శాతానికి చేరుతుంది, ఎందుకంటే అప్పుడు మీ అవసరానికి వచ్చినది 87,300 మాత్రమే.

నోటిలెక్కల మీద ఆధారపడవలసిన అవసరం ఇప్పుడు లేదు. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, బ్యాంకయినా ఫైనాన్స్ కంపెనీ అయినా, ప్రతి రిటైల్ రుణానికీ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం సంతకాలకు ముందే ఇవ్వాలి. మీకు అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని, అంటే అన్ని ఛార్జీలనూ కలుపుకొన్న వార్షిక వడ్డీ రేటు, ఒక అంకె ఉంటుంది. మీరు చూడవలసినది ఆ అంకెనే. ఆ పత్రంలో చూపని రుసుమును తరువాత మీ స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయడానికి వీల్లేదు. ఆ పత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి చదువుకుంటానని అడగండి. ఇవ్వడానికి వెనుకాడేవారి దగ్గర రుణం తీసుకోకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మీ జీతం పడే బ్యాంకు శాఖలో ద్విచక్ర వాహన రుణం గురించి ఒకసారి అడగండి. మంజూరుకు కొన్ని రోజులు పట్టవచ్చు, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు, కానీ అక్కడ వడ్డీని సాధారణంగా తగ్గుతున్న అసలు మీదనే లెక్కిస్తారు. షోరూంలో దొరికే రుణానికి ఉన్న సౌలభ్యమల్లా గంటలో పని పూర్తికావడం. ఆ గంట కోసం పన్నెండు వేలకు పైగా అదనంగా చెల్లించడం మీ జీతానికి తగిన పని కాదు.

చీటీ డబ్బు వచ్చాక ముందే తీర్చాలనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే రుణాల విషయంలో, వ్యక్తులు వ్యాపారేతర అవసరాలకు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (కాలాన్ని బట్టి వడ్డీ మారే) రుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము ఉండదని రిజర్వు బ్యాంకు ప్రకటించింది. అయితే బండి రుణాలు చాలావరకు స్థిర వడ్డీ రుణాలు, వాటికి ఈ రక్షణ వర్తించదు. ఫిబ్రవరిలో కొంత భాగం కట్టనిస్తారా, ఎంత రుసుము తీసుకుంటారు అన్నది ఆ పత్రంలోనే చూసుకోండి. వీలైతే, చీటీ వచ్చేదాకా ఆగి 60,000 లోపు అప్పుతో రెండేళ్లలో ముగించడం నాకు నచ్చిన మార్గం. అమ్మగారి గాజుల జోలికి వెళ్లకుండానే ఈ పని జరుగుతుంది.

రిజిస్ట్రేషన్_కబుర్లు (ఏలూరు):

బిల్లు సంగతి నేను చెబుతాను. లైఫ్ ట్యాక్స్ సరిగానే ఉంది. మన రాష్ట్రంలో 50,000 దాటిన ద్విచక్ర వాహనానికి 12 శాతం, కాబట్టి 10,800 కట్టవలసిందే.

రిజిస్ట్రేషన్ 2,400 ఎలా అయిందో విడివిడిగా రాసివ్వమనండి. కేంద్ర నిబంధనల ప్రకారం మోటారు సైకిలు నమోదు రుసుము 300, రుణదాత పేరు నమోదు చేసే హైపోథికేషన్ రుసుము 500. వీటిపైన రాష్ట్ర సేవా రుసుము, తాత్కాలిక రిజిస్ట్రేషన్ వంటివి కొన్ని చేరతాయి. హై సెక్యూరిటీ నంబరు ప్లేటును 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త వాహనాలతోపాటు తయారీదారే ఇవ్వాలి, దాని ఖరీదు వాహనం ధరలోనే ఉంటుంది. అందువల్ల ప్లేటు పేరుతో వేరుగా అడిగితే ఒప్పుకోకండి.

హ్యాండ్లింగ్ ఛార్జీలు ప్రభుత్వానికి కట్టేవి కావు. దానికి విడిగా రసీదు ఇవ్వమని అడిగితే చాలాచోట్ల ఆ వరుస బిల్లులోంచి తొలగిపోతుంది. హెల్మెట్ విషయం చాలామందికి తెలియదు: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 138వ నిబంధన ప్రకారం, బండి కొనే సమయంలో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణాలున్న హెల్మెట్‌ను తయారీదారు అందజేయాలి. వెనుక కూర్చునేవారి చెయ్యి పట్టు, కాలు ఆనించే ఏర్పాటు, వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ 123వ నిబంధన ప్రకారం బండితోనే ఉండాలి. చీర కొంగో చున్నీయో చక్రంలో చిక్కుకుని జరిగే ప్రమాదాలు మన ఊళ్లలో అందరికీ తెలిసినవే కనుక, శారీ గార్డు లేకుండా బండి బయటకు తీయకండి, కానీ దానికి వేరే డబ్బు ఎందుకని తప్పక అడగండి. సీటు కవరు, క్రాష్ గార్డు మీ ఇష్టం, బయట కొట్లలో తక్కువకే దొరుకుతాయి.

జీఎస్టీ తగ్గింపు మీ బిల్లులోకి వచ్చిందో లేదో కూడా చూసుకోండి. 350 సీసీ వరకు 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ రోజు 90,000 ఉన్న బండి పాత పన్నుతో సుమారు 97,600 ఉండేది. మీ ఇన్‌వాయిసులో పన్ను 18 శాతంగా స్పష్టంగా కనిపించాలి.

పాలసీ_చదవండి (విజయవాడ):

నేను వాహన బీమా క్లెయిములు పరిశీలించే పని చేస్తాను. నాన్నగారి పేరు విషయం ముందుగా చెబుతాను, ఎందుకంటే అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

బండి యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. అయితే అది యజమాని, అంటే ఎవరి పేరున బండి ఉందో ఆ వ్యక్తి, చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడుపుతున్నప్పుడు మాత్రమే వర్తిస్తుంది. బండి నాన్నగారి పేరున ఉండి, ఆయనకు లైసెన్సు లేక, రోజూ రాత్రివేళ మీరు నడుపుతుంటే, ఈ రక్షణ ఆయనకూ దక్కదు, మీకూ దక్కదు. కుటుంబంలో సంపాదించే వ్యక్తి మీరు. ప్రేమతో చేసిన ఏర్పాటు కుటుంబానికి అవసరమైన సమయంలో అక్కరకు రాకుండా పోవడం నేను నా ఉద్యోగంలో చూస్తూనే ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బండి మీ పేరున తీసుకోండి, నామినీగా నాన్నగారి పేరో అమ్మగారి పేరో రాయించండి. పూజ నాడు తాళం చెవులు ఆయన చేతుల మీదుగా అందుకోండి.

ఇక 8,950 గురించి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, ఒకేసారి తీసుకోవాలి. 75 నుంచి 150 సీసీ వరకు దీని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించిన 3,851 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 4,544. ఏ కంపెనీలోనైనా ఇది మారదు. మీ బండికి జరిగే నష్టాన్ని, దొంగతనాన్ని కప్పే ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. మీ బండి ఐడీవీ, అంటే బీమా విలువ, 90,000లో 5 శాతం తీసివేయగా 85,500. పాత టారిఫ్ (అన్ని కంపెనీలకూ ఒకే రేటు ఉన్ననాటి పట్టిక) లెక్కన దానికి ఏడాది ప్రీమియం 1,433, జీఎస్టీతో 1,691. ఇప్పుడు కంపెనీలు దీని మీద తగ్గింపులు కూడా ఇస్తున్నాయి. రెండూ కలిపినా 6,235 దాటదు. మిగిలిన 2,715లో ఏమేమి చేర్చారో అడగండి. ప్రమాద బీమాను అయిదేళ్లకు కలిపి ఉండవచ్చు, మీరు ఒక ఏడాదికే కోరవచ్చు. మీకు ఇప్పటికే 15 లక్షల ప్రమాద బీమా వేరే ఉంటే ఆ మాట రాసిస్తే సరిపోతుంది. షోరూం చెప్పిన కంపెనీలోనే బీమా తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు.

జీరో డిప్రిసియేషన్, అంటే భాగాల తరుగుదల కోత లేకుండా ఖరీదు చెల్లించే అదనపు రక్షణ, తీసుకోవాలా అని మీరు అడగకపోయినా చెబుతాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగమే ఇస్తారు. నేటి బండ్లలో హెడ్‌లైటు డూము, సైడు ప్యానెళ్లు, మడ్‌గార్డులు చాలావరకు ప్లాస్టిక్కే. రోజూ రాత్రి రోడ్డు మీద తిరిగే మీకు మొదటి రెండేళ్లు అది ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

అన్నిటికన్నా ఎక్కువగా జనం పొరబడేది రెండో ఏడాదిలో. పాలసీ కాగితం మీద 2030 దాకా అని ఉండటం చూసి, బీమా మొత్తం అయిదేళ్లూ ఉందనుకుంటారు. అయిదేళ్లు ఉండేది థర్డ్ పార్టీ మాత్రమే, ఓన్ డ్యామేజ్ ఏడాదితో ముగుస్తుంది. పద్నాలుగో నెలలో బండి పోతే చేతికి ఏమీ రాదు, వాయిదాలు మాత్రం కట్టవలసిందే. సకాలంలో పునరుద్ధరించి, క్లెయిము లేకపోతే రెండో ఏడాది ప్రీమియంలో 20 శాతం నో క్లెయిమ్ బోనస్ తగ్గుతుంది, గడువు దాటి 90 రోజులు గడిస్తే ఆ బోనస్ పోతుంది.

పొలంగట్టు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నాన్నగారితో మాట్లాడాను, బండి నా పేరుననే తీసుకోవడానికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు. చీటీ వచ్చేదాకా ఆగాలని నిర్ణయించుకున్నాను. ఒక చిన్న సందేహం: అప్పు మిగిలి ఉండగా బండి పోతే బీమా డబ్బు ఎవరికి వస్తుంది?

పాలసీ_చదవండి:

రిజిస్ట్రేషన్‌లో రుణదాత పేరు ఉన్నంతకాలం ముందు వారి బాకీ తీరుతుంది, మిగిలినది మీకు వస్తుంది. మీరు మొదట చెప్పిన లెక్కనే తీసుకుంటే, ఏడాది గడిచాక ఐడీవీ సుమారు 72,000కు తగ్గుతుంది, అప్పటికి మీ అప్పు ఇంకా 65,000 దాకా ఉంటుంది. అంటే బండి పోయి, మీ చేతికి వచ్చేది ఏడు వేలు. అప్పు 60,000 లోపు పెట్టుకోమని పైన చెప్పిన సలహాకు ఇది మరో కారణం.

వాయిదాలలెక్క:

చివరి వాయిదా కట్టగానే రుణం ముగిసిందనుకుని ఊరుకోకండి. రుణదాత నుంచి నిరభ్యంతర పత్రం, రుణ ఒప్పందం ముగిసిందని తెలిపే, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో హైపోథికేషన్ తొలగింపునకు దరఖాస్తు చేయండి, ఆ తరువాత బీమా పాలసీలో కూడా వారి పేరు తీయించండి.